శుక్రవారం దాకా ఆగిన ఉస్తాద్

మా ఉస్తాద్ పోయారు. మొన్న మంగళవారం మధ్యాహ్నం అన్నంలో చారు పోసుకుంటుంటే ఫోన్ మోగింది. కడప నుంచి ఆయన కూతురు. "చాచా, బాబా పోయినాడు. పొద్దన్నే నమాజుకు లేచినాడు, మల్లా పండుకున్నాడు. అంతే" అంది. ఆ పిల్ల గొంతు గట్టిగానే ఉంది. ఏడ్చింది నేను, ఎంగిలి చేత్తో. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి "ఎవరికేమైంది?" అంటే చెప్పడానికి సరైన మాట దొరకలేదు. చుట్టం కాదు. మా మతం కాదు, మా జిల్లా కూడా కాదు. "ఉస్తాద్" అన్నాను. ఆమె ఆయన్ను ఒక్కసారి కూడా చూడలేదు. అయినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే గడప మీద కూర్చుండిపోయింది.

పెద్ద పెద్దవాళ్లు పోతే పేపర్లో ఫొటో వేసి రాస్తారు. మెకానిక్ పోతే ఎవరు రాస్తారండీ? రాసేవాడు లేడు కనకే నేను కూర్చున్నాను. నాకు రాయడం కొత్తేమీ కాదు. మస్కట్‌లో మా రూమ్‌లో ఆరుగురికి ఇంటి ఉత్తరాలు రాసిపెట్టినవాణ్ణి. ఈ ఉత్తరం మాత్రం ఎవరి పేరున రాయాలో తెలియక మీకు రాస్తున్నాను.

ఎనభై ఎనిమిదిలో నేను ఒమన్‌కి లారీ డ్రైవర్‌గా వెళ్లాను. మా అర్బాబ్‌కి, అంటే యజమానికి, ఇబ్రాలో ఇల్లూ, కట్టుబడి సామాను దుకాణమూ ఉండేవి. మస్కట్‌లో వాడి కబీర్ అనే పేటలో లారీల వర్క్‌షాప్. మస్కట్‌లో సిమెంటూ ఇనుమూ ఎత్తుకుని ఇబ్రాలో దించి రావడం నా డ్యూటీ. మొదటి రోజు వర్క్‌షాప్‌లో అడుగుపెడితే ఒక మనిషి పొడుగాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నాడు. సలాం అన్నాను, నమస్తే అన్నాను, పలకలేదు. ఎంత పొగరు అనుకున్నాను. చాలాసేపటికి కళ్లు తెరిచి, "ఏమబ్బా, తెలుగోడివేనా? మూడో సిలిండర్‌కు రొంప పట్టిండాది, వింటాండా" అన్నారు. జగిత్యాల వదిలిన పదిహేను రోజుల తర్వాత నేను నవ్వడం అదే మొదలు.

వర్క్‌షాప్ వెనక రూమ్‌లో ఆయన మంచం పక్కన మంచం నాది. శనివారం నేను నీచు ముట్టను. ఆ సంగతి తెలిసిన వారం నుంచి శనివారాలు ఆ రూమ్‌లో కోడిగుడ్డు కూడా ఉడకలేదు. మిగతావాళ్లు సణిగితే, "వాని దేవుడు గూడా మన రూమ్‌లోనే ఉంటాండాడు గదబ్బా, సర్దుకోండి" అనేవారు. మనుషుల్ని ఎప్పుడూ తిట్టేవారు కాదు. స్పానర్లను తిట్టేవారు. జారిన స్పానర్‌ని చేతిలోకి తీసుకుని దాని తాత ముత్తాతల దాకా పోయి, మళ్లీ తుడిచి జాగ్రత్తగా దాని చోట్లో పెట్టేవారు. బండి బాగైందా అని అడిగితే ఏనాడూ అయిందని అనలేదు. "ఇప్పటికి బాగుండాది" అనేవారు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ రాబట్టడం ఎవరి వల్లా కాలేదు.

నాకిచ్చింది టర్బో ఉన్న కొత్త లారీ. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇంజన్ వదిలే వేడి పొగతోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పి, ఇంజన్‌లోకి ఇంకా ఎక్కువ గాలిని తోసే యంత్రం టర్బో. బండికి ఎక్కడలేని బలం వస్తుంది. కాకపోతే బరువుతో దూరం పరుగెత్తాక అది నిప్పులా కాగి ఉంటుంది. దాన్ని కాపాడేది లోపల పారే ఆయిల్ ఒక్కటే. బండి ఆపగానే ఇంజన్ బంద్ చేశామా, ఆయిల్ పారడం ఆగిపోతుంది, లోపల మిగిలింది ఆ వేడికి మాడి నల్లగా గడ్డకడుతుంది. అందుకే ఆగాక రెండు నిమిషాలు ఇంజన్‌ని ఊరికే నడవనిచ్చి, అప్పుడు బంద్ చెయ్యాలి. తాళం చెవి ఇచ్చిన రోజే ఉస్తాద్ నాకు ఈ మాట మూడుసార్లు చెప్పారు. నాలుగోసారి నాచేత చెప్పించుకున్నారు.

మా అర్బాబ్‌కి పిచ్చి ఒకటుంది. ఫార్ములా రేసు కార్లు. అప్పట్లో వాటికీ టర్బోలే. దుబాయ్‌లో ఉన్న ఆయన మేనల్లుడు ఆదివారం టీవీలో వచ్చిన రేసును వీడియో క్యాసెట్‌లోకి ఎక్కించి పంపితే, అది గురువారానికి ఇబ్రా చేరేది. శుక్రవారం భోజనాలయ్యాక అర్బాబ్ మజ్లిస్‌లో, అంటే వచ్చినవాళ్లు కూర్చునే పెద్ద గదిలో, తివాచీ మీద కూర్చుని అందరం చూసేవాళ్లం. గెలిచింది ఎవరో ముందుగా ఎవరైనా నోరుజారితే ఆ వారమంతా అర్బాబ్ ముఖం చూడలేం. అందుకని వర్క్‌షాప్ ఆఫీసుకి వచ్చే ఇంగ్లీషు పేపర్‌లో రేసు వార్త పడ్డ ముక్కను కత్తిరించి దాచే పని ఉస్తాద్‌ది. కత్తిరించాలంటే చదవాలి కదా! అందరిలోకీ ఆయన ఒక్కరికే ఫలితం తెలిసేది. మేమేమో చీమల్లా వెంటపడేవాళ్లం.

"ఎవలు గెల్సిండ్రు ఉస్తాద్? నా ఒక్కని చెవుల చెప్పున్రి."

"ఎవరో ఒకరు గెలిచింటారులే. తెలిసింది కడుపులో పెట్టుకునేది గూడా ఒక పనేనబ్బా."

ఆ ఏడుతో రేసు కార్లకు టర్బో ఆపేస్తున్నారని ఆ పేపర్లోనే చదివి నాకు చెప్పారు. "చూడు, మనకు ఇప్పుడే వచ్చె, వాళ్లకు అప్పుడే పాయె" అని సొంత మనిషి గురించి బాధపడ్డట్టు బాధపడ్డారు.

ఇక నా ఘనకార్యం చెప్పాలి. అర్బాబ్ తండ్రి ఎనభై దాటిన మనిషి. అందరూ షేబా అనేవారు, ముసలాయన అని. నా లారీ చప్పుడు వినబడితే చాలు, ఆయన చేతికర్ర పట్టుకుని గేటు బయటికి వచ్చేసేవాడు. అక్కడి పెద్దవాళ్ల పలకరింపు ఒక మాటతో తెమలదు. ఎలా ఉన్నావు, కబురేమిటి, ఇంట్లో ఎలా ఉన్నారు, ఊళ్లో వానలు పడ్డాయా, దారిలో ఎవరు కలిశారు... అన్నీ అడగాలి, అన్నిటికీ బదులు వినాలి. అంతటి పెద్దమనిషి నా కోసం ఎండలో నిలబడితే, నేను పైన సీట్లో కూర్చుని ఆయన ముఖాన ఇంజన్ మోత మోగించనా? మా దిక్కు పెద్దవాళ్లు ఎదురైతే సైకిల్ దిగి నడుస్తాం. ఆయన కనబడగానే నా చెయ్యి తాళం మీదికి పోయేది. ఇంజన్ బంద్ చేసి, కిందికి దూకి, గుండె మీద చెయ్యి పెట్టి సలాం చేసేవాణ్ణి. ఉస్తాద్ మాట గుర్తులేక కాదు. గుర్తుంది. రెండు నిమిషాలకు ఏమవుతుందిలే అనుకున్నాను. ఎనిమిది నెలలు అలాగే అనుకున్నాను.

ఒకనాడు తిరుగు దారిలో లారీ వెనక నీలం పొగ. బండిలో పట్టు లేదు. ఎలాగో ఈడ్చుకుంటూ వర్క్‌షాప్ చేరాను. ఉస్తాద్ టర్బోని నా ఎదుటే విప్పారు. చక్రం వేలితో తిప్పితే తిరగాలి, తిరగలేదు. ఆయిల్ వచ్చే దారి నల్లటి మాడుతో పూడిపోయి ఉంది. ఆయన ఆ మాడును గోటితో గీకి, వాసన చూసి, నా వైపు చూశారు.

"రెండు నిమిషాలు నడవనిస్తాండావా?"

"నడువనిస్తున్న ఉస్తాద్. దేవుని తోడు" అన్నాను.

దేవుణ్ణి తోడు తెచ్చుకున్నాను చూడండి, సిగ్గులేకుండా! ఉస్తాద్ "సరే" అని టర్బోని బట్టలో చుట్టి పెట్టెలో పెట్టేశారు.

మంగళవారం అర్బాబ్ వర్క్‌షాప్‌కి వచ్చాడు. పనివాళ్లతో మాట్లాడే హిందీలో, మా ఇద్దరినీ ఎదురుగా నిలబెట్టి అన్నాడు: "నెల కింద దీని ఆయిల్ పైపు మార్చింది ఉస్తాద్. తోలింది వీడు. ఇద్దరిలో ఒకరిది తప్పు. ఉస్తాద్‌ది అయితే ఫ్యామిలీ కాగితం మర్చిపోవాలి. వీడిదైతే వీడు ఇంటికి పోవాలి. ఖల్లాస్."

ఫ్యామిలీ కాగితం అంటే ఏమిటో నాకు బాగా తెలుసు. భార్యనీ, ఆరేళ్ల కూతుర్నీ తెచ్చుకోవడానికి అర్బాబ్ సంతకం పెట్టాల్సిన కాగితం అది. బదులు మెకానిక్ దొరక్క నాలుగేళ్లుగా ఉస్తాద్‌కి సెలవు ఇవ్వలేదు. ఆయన వచ్చేనాటికి ఆ పిల్లకి రెండేళ్లు. సంతకం ఇంకా పడకుండానే వాడి కబీర్‌లో ఒక గది మాట్లాడుకుని, ఆ గది గుమ్మం నుంచి ఇండియన్ స్కూల్ గేటు దాకా నడిచి అడుగులు కూడా లెక్కపెట్టుకొచ్చారు. ఇటు చూస్తే నా బతుకు. మెడలో దండలేసి బస్సెక్కించిన ఊళ్లోకి ఎనిమిది నెలలకే తిరిగి ఏ ముఖంతో దిగను? మధ్యలో ఆ నల్లటి మాడు. అది పైపు తప్పు కాదని చెప్పగలిగిన మనిషి ఒక్కరే. ఆయన నోరు విప్పితే నా పని అయిపోయినట్టే.

"విప్పి చూడాల అర్బాబ్. శుక్రవారం చెప్తా" అన్నారు ఉస్తాద్.

విప్పి చూడటం ఎప్పుడో అయిపోయింది. శుక్రవారం దాకా ఆయన ఆ ఊసెత్తలేదు. ఎప్పటిలాగే టీ పోసి ఇచ్చారు, ఎప్పటిలాగే నా పళ్లెంలో ముందు వడ్డించారు. ఒక్క దెబ్బ కొట్టినా బాగుండేది. మనిషి మంచితనం అంత బాధ పెడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

శుక్రవారం పికప్‌లో ఇద్దరం ఇబ్రా వెళ్లాం. దారి పొడుగునా ఆయన వేరుశనక్కాయలు వొలిచి నా చేతిలో పెడుతూనే ఉన్నారు. మజ్లిస్‌లో షేబా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అర్బాబ్ క్యాసెట్ వేశాడు. రేసు మొదలైంది. ముందున్న కారు ఎవరికీ అందకుండా పోతోంది. అర్బాబ్ చిన్నపిల్లాడిలా మోకాళ్ల మీద లేచి కూర్చున్నాడు. ఇంకా కొన్ని చుట్లే మిగిలాయనగా ఆ కారు వెనక సన్నగా పొగ లేచింది. తర్వాత తెరంతా పొగే. కారు రోడ్డు పక్కకి జరిగి ఆగిపోయింది. డ్రైవర్ దిగి, హెల్మెట్ తీసి, కారు మీద ఒకసారి చెయ్యి వేసి, తల వంచుకుని నడుచుకుంటూ వెళ్లిపోయాడు. కాసేపటికి అతన్ని మెకానిక్‌ల మధ్య చూపించారు. ఒక మెకానిక్ అతని భుజం చుట్టూ చెయ్యి వేసి ఏదో అంటున్నాడు.

"మిస్కీన్" అన్నాడు అర్బాబ్, పాపం అని. రిమోట్ నొక్కి బొమ్మ ఆపి ఇటు తిరిగాడు. "మన టర్బో సంగతి చెప్పు ఉస్తాద్. ఎవరిది?"

ఉస్తాద్ కావా కాఫీ కప్పు కింద పెట్టారు. "ఆయిల్ అందలేదు అర్బాబ్. పైపు బిగించింది నేనే" అన్నారు.

"అంతేనా?"

"నాకు తెలిసి నేను చెప్పాల్సింది అంతే."

ఒక్క అబద్ధం లేదు ఆ మాటల్లో. నా పేరూ లేదు. అర్బాబ్ ముఖం గట్టిపడింది. అయిపోయింది, నేను బయటపడ్డాను. ఇంకేం కావాలి? హాయిగా ఊపిరి పీల్చుకోవాలి కదా! కానీ వాడి కబీర్‌లో స్కూల్ గేటు వైపు ఒక్కడూ అడుగులు లెక్కపెట్టుకుంటూ పోతున్న ఆయన కళ్లముందుకొచ్చారు. లేచి నిలబడ్డాను. హిందీ రాలేదు, అరబ్బీ రాలేదు. మా జగిత్యాల మాటే వచ్చింది.

"తప్పు నాది ఉస్తాద్! మీకు అబద్ధం చెప్పిన. రోజు ఇక్కడికి రాంగనే బంద్ చేసిన. పెద్దాయన ముంగటికొస్తే ఇంజన్ ఎట్ల ఉరకనిస్త? మా దిక్కు గట్ల చెయ్యం. చెప్పున్రి, ఆయనకు చెప్పున్రి!"

ఉస్తాద్ నా వైపు చూడలేదు. అర్బాబ్‌కి హిందీలో చెప్పారు. తర్వాత షేబా వైపు తిరిగి ఒక్కొక్క మాటే అరబ్బీలో చెప్పారు. అర్బాబ్ రిమోట్ పట్టుకునే లేచి నిలబడ్డాడు. ఎనిమిది నెలల పాటు బండిని చంపి, దేవుడి మీద ఒట్టేసి... అని అరుస్తుంటే షేబా చేతికర్రతో నేల మీద కొట్టాడు.

"ఆగు. నేను గేటు బయటికి వచ్చానని బండి ఆపేశాడా?"

"అవును నాన్నా, రోజూ."

"నన్ను పలకరించడానికి?"

"అవును."

ముసలాయన కాసేపు గడ్డం నిమురుకున్నాడు. "అయితే బండి చెడగొట్టింది నేను. ఎవరినైనా ఇంటికి పంపాలంటే నన్ను పంపు. నేను ఎలాగూ ఇంట్లోనే ఉన్నాను" అన్నాడు.

ముందు నవ్వింది ఆయనే. పళ్లు లేని నోటితో, భుజాలు ఎగిరేలా నవ్వాడు. తర్వాత ఉస్తాద్. అర్బాబ్ కొంతసేపు బిగపట్టి, ఇక ఆగలేక ముఖం తిప్పుకున్నాడు. కొత్త టర్బో తెప్పించేదాకా నాకు బండి లేదనీ, వర్క్‌షాప్‌లో ఉస్తాద్ ఏ పని చెబితే అది చెయ్యాలనీ తీర్పు ఇచ్చాడు. అది శిక్ష అనుకున్నాడు పాపం. నా జీవితంలో నేర్చుకున్న నాలుగు మంచి సంగతులూ ఆ రెండు నెలల్లో నేర్చుకున్నవే.

మళ్లీ బండి ఎక్కాక ఇబ్రా వెళ్తే షేబా గేటు పక్కన రాయి మీద కూర్చుని ఉన్నాడు. నా వైపు చూడడు. ఎవరైనా నన్ను పలకరించబోతే రెండు వేళ్లు ఎత్తి "దగీగతేన్" అంటాడు, రెండు నిమిషాలని. ఇంజన్ చప్పుడు ఆగాక మెల్లగా లేచి, అప్పుడే చూసినట్టు, "ఎలా ఉన్నావు, కబురేమిటి?" అని మొదలుపెట్టేవాడు.

ఆ శుక్రవారం తిరుగు దారిలో బిద్‌బిద్ అనే ఊరి దాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. తర్వాత హఠాత్తుగా బుర్ర వెలిగింది.

"ఉస్తాద్, ఆ కారు ఖరాబ్ అయితదని మీకు ముందే ఎర్క. పేపర్ల చదివిండ్రు. అందుకే శుక్రారం అన్నరు."

"చదివినా" అన్నారు.

"మరి మంగళారం నాడే నా పేరు చెప్పకపోతిరి?"

"నేను చెప్తే దొంగ దొరికినట్టు అయ్యేది. నువ్వు చెప్పినావు, డ్రైవర్‌గానే మిగిలినావు. ఆ రేసు చూస్తే నోరు పెగులుతాదేమో అనుకున్నా. అంతే అబ్బా, నాకేం మంత్రాలు తెలుసా?"

"నోరు పెగలకుంటే?"

ఆయన ఒక వేరుశనక్కాయ వొలిచి నా చేతిలో పెట్టారు. "నా బిడ్డ ఇంగో ఏడు ఆగేది" అన్నారు. గొంతులో కోపం లేదు. నేను బండి పక్కకి తీసి ఆపాను. ఇక తోలడం నా వల్ల కాలేదు. మిగతా దారి ఆయనే తోలారు.

ఆ తర్వాత పదేళ్లు ఆయన పక్కన పనిచేశాను. తొంభై ఎనిమిదిలో ఆయన కడప వెళ్లిపోయారు. ఫోన్లో మాట్లాడినప్పుడల్లా నన్ను ఏదో ఒకటి ఆటపట్టించేవారు గానీ, ఆ శుక్రవారం సంగతి ఆయనంతట ఆయన ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాకు మాత్రం ఉస్తాద్ అంటే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది మస్కట్‌లోని సీబ్ విమానాశ్రయం. ఫ్యామిలీ కాగితం మీద అర్బాబ్ సంతకం పడ్డాక, ఎనభై తొమ్మిది జనవరి, మధ్యాహ్నపు విమానం. తీసుకురావడానికి పికప్‌తో నేనే వెళ్లాను. ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, గోళ్ల సందుల్లో గ్రీజు పోవాలని పొద్దుట్నుంచి నిమ్మకాయతో రుద్ది రుద్ది చేతులు ఎర్రగా చేసుకున్నారు.

బయటికొచ్చే తలుపు దగ్గర మొదట పెట్టెలు కనబడ్డాయి, తర్వాత బురఖాలో ఆయన భార్య, ఆమె పక్కన ఆ పిల్ల. నాలుగు అడుగుల దూరంలో పిల్ల ఆగిపోయింది. చేతిలో ఒక ఫొటో, లారీకి ఆనుకుని ఉస్తాద్ నిలబడ్డది. తల ఎత్తి ఆయన్ను చూసింది. తల వంచి ఫొటో చూసింది. ఫొటోలో మీసం నలుపు. ఎదురుగా ఉన్న మనిషి మీసం సగం తెలుపు.

"బాబానే, పో" అని తల్లి పిల్ల భుజం మీద చెయ్యి వేసి ముందుకు తోయబోయింది.

"ఉండు. చూసుకోనీ" అన్నారు ఉస్తాద్. ఆయన కదల్లేదు. చేతులు కూడా చాచలేదు. వెనక జనం తోసుకుంటూ పోతున్నారు. పిల్ల కళ్లు చూసింది, ముక్కు చూసింది, మళ్లీ ఫొటో చూసింది. తర్వాత ఆ నాలుగు అడుగులూ తనే నడిచి వచ్చి ఫొటో ఆయన చేతిలో పెట్టింది.

"ఇంద, ఇంక నాకొద్దు" అంది.

ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, ఖాళీ అయిన ఆ చేతిని పట్టుకున్నారు.